నూరు గింజల లెక్క



ఈ నెల మిమ్మల్ని మద్నూరు తీసుకుపోతాను. ముందు పటం తెరవండి. కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన, మహారాష్ట్ర సరిహద్దుకు దాపున ఈ ఊరు కనిపిస్తుంది. సంగారెడ్డి నుంచి నాందేడుకు పోయే పెద్ద రోడ్డు దీని మీదుగానే పోతుంది. ఇంకొంచెం ముందుకు పోతే దెగ్లూరు. ఇక్కడి అంగట్లో ఒక గంటసేపు నిలబడితే తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. బేరం మాత్రం అన్ని భాషల్లోనూ ఒకే తీరున సాగుతుంది!

ఈ ప్రాంతం నేల నల్లరేగడి. వేసవిలో పొలానికి పోయి చూడండి, చెయ్యి దూరేటంత నెర్రెలు పడి ఉంటాయి. వాన పడగానే అదే నేల ఉబ్బి, నెర్రెలు పూడిపోయి, కాలు పెడితే చెప్పు ఊడివచ్చేటంత జిగట అవుతుంది. ఈ మట్టిలోని సన్నని బంకరేణువులు పలచని పొరలు పొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్య దూరినప్పుడు నేల ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. అందుకే ఈ నేల ఒకసారి తడిసిందంటే చాలారోజులు పదును నిలుపుకుంటుంది. పత్తి, సోయా, కంది, పెసర, మినుము, యాసంగిలో శనగ—ఇవి ఇక్కడి పంటలు. చాలా పొలాలకు కాలువ లేదు. మేఘమే కాలువ.

ఇక మన కథకు వస్తాను. ఈ మండలంలోని ఒక రైతు కొడుకు వ్యవసాయం చదువుకోవడానికి పోయాడు. వాళ్ళ అన్న నా దగ్గర చదువుకున్నవాడు. తన పేరు వ్రాయవద్దని పిల్లవాడు మరీమరీ చెప్పాడు గనుక వ్రాయను. పదో తరగతి అయినాక రెండేళ్ళు చదివే డిప్లొమా చదువు ఒకటున్నది. అది చెప్పే బళ్ళను వ్యవసాయ పాలిటెక్నిక్‌లు అంటారు. కామారెడ్డి జిల్లాలో మాల్తుమ్మెదలో ఒకటి, నిజామాబాదు జిల్లా రుద్రూరులో ఒకటి ఉన్నాయి. ఇవి వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివి. తెలుగునాట మొదటి వ్యవసాయ కళాశాల 1945లో బాపట్లలో వెలిసింది. 1964లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2014లో తెలంగాణకు వేరే విశ్వవిద్యాలయం వచ్చి, దానికి ప్రొఫెసర్ జయశంకర్ గారి పేరు పెట్టారు. చరిత్ర ఇంతటితో చాలు.

మన పిల్లవాడు చేరింది రుద్రూరులో. మంజీర దాటి అటు పోతే లోకమే మారిపోతుంది. నిజాంసాగర్ ఆనకట్ట కట్టడం 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. దాని కాలువల కింద ఆ ప్రాంతమంతా వరి, చెరకు. రుద్రూరులోని పరిశోధనా కేంద్రం కూడా ఆ రెండు పంటలకే పేరుపడ్డది. రేగడి చెలకల్లో పుట్టి పెరిగిన పిల్లవాడు మొదటి వారంలోనే మోకాలి బురదలో నాట్లు వేయవలసివచ్చింది! ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ బాపు నవ్వి, “మన ఊర్ల వరి ఎక్కడున్నదిరా? ఈ సదువు మనకేం పనికొస్తది?” అన్నాడట.

ఆ ప్రశ్న సరైన ప్రశ్నే. బడిలో పంట ఒకటి, ఇంట్లో పంట ఒకటి. మరి పిల్లవాడు అక్కడినుంచి ఏమి తెచ్చుకున్నట్టు?

అక్కడ పిల్లలకు తలా ఒక మడి ఇస్తారు. దుక్కి దగ్గరనుంచి కోత దాకా ఆ మడి పని వాళ్ళదే. మొక్కతోబాటు ఒక పుస్తకం కూడా పెంచాలి. ఏ రోజున ఏమి చేశావు, ఎన్ని గ్రాముల విత్తనం, ఎంత ఎరువు, ఎంత వాన, ఎన్ని పిలకలు—అంతా అందులో వ్రాయాలి. “మొదట్లో పొలం పనికంటె ఆ రాత పనే కష్టమనిపించింది” అన్నాడు పిల్లవాడు. నేను మాత్రం లోలోపల సంతోషించాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత రాయించినవాణ్ణి గదా!

వాన సంగతే చూడండి. “మంచి వాన పడింది” అని మనం అంటాం. ఎంత మంచిది? బడిలో వానను మిల్లీమీటర్లలో కొలుస్తారు. మీరూ కొలవవచ్చు. అడుగూ మూతీ ఒకే వెడల్పుగా ఉన్న ఒక డబ్బాను, చెట్టూ చూరూ అడ్డం లేనిచోట పెట్టండి. వాన వెలిసిన వెంటనే స్కేలుతో లోతు చూడండి. డబ్బా చిన్నదైనా పెద్దదైనా లోతు ఒకటే వస్తుంది. ఎందుకో మీ లెక్కల మాస్టరుగారిని అడగండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. అంటే 60 మిల్లీమీటర్లు కురిస్తే ఎకరం పొలం మీద రెండు లక్షల నలభై వేల లీటర్లకు పైగా నీళ్ళు పడ్డట్టు! వానాధారపు పొలంలో సోయా విత్తాలంటే 60, 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడవాలని చెబుతారు. మిరుగు కార్తెలో తొలి జల్లుకే తొందరపడి విత్తితే, ఆ తడికి గింజ ఉబ్బి కళ్ళు తెరుస్తుంది. తరువాత పదిరోజులు ఎండ కాసిందంటే అక్కడే మాడిపోతుంది. మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ విత్తాలి. ఆ ఖర్చుకు అప్పు ఎక్కడినుంచి తేవాలో మీ నాన్నలను అడిగితే చెబుతారు.

చదువు ముగిసి పిల్లవాడు ఇంటికి వచ్చిన యేడు అసలు కథ జరిగింది.

ఇంట్లో నాలుగు బస్తాల సోయా విత్తనం ఉన్నది. బస్తాకు 60 కిలోలు. అంతకుముందు కారులో తమ పొలంలో పండిందే. కోతలప్పుడు వాన పట్టుకొని కుప్ప కొంచెం నానింది. ఎండబెట్టి, మిషనులో నూర్పించి, గోనెసంచుల్లో ఎత్తి, గోడవార ఒకదానిమీద ఒకటి పేర్చారు. ఎకరానికి సుమారు 30 కిలోలు పడుతుంది. ఎనిమిది ఎకరాలకు నాలుగు బస్తాలు సరిగ్గా సరిపోతాయి. విత్తనం కొనే పని లేదని తండ్రి నిశ్చింతగా ఉన్నాడు.

కొడుకు మాత్రం నూరు గింజలు లెక్కపెట్టి, తడిగోనె పట్టామీద వరసకు పది చొప్పున పది వరసలు పేర్చి, చుట్టచుట్టి, నీడన పెట్టి, రోజూ నీళ్ళు చిలకరించాడు. ఎనిమిదో రోజున విప్పి చూస్తే 58 మొలకలు వచ్చాయి!

ధ్రువీకరించిన సోయా విత్తనం నూటికి 70 అయినా మొలవాలని నియమం. వరికైతే 80. సోయా గింజకు పైతోలు చాలా పలచన. లోపలి మొలక ఆ తోలుకింద అంచునే ఉంటుంది. మిషనులో గట్టిగా దెబ్బ తగిలినా, తడిసి ఎండినా, పైన బరువు పడినా గింజ చూపులకు నిగనిగలాడుతూనే ఉంటుంది, ప్రాణం మాత్రం పోతుంది. కళ్ళు ఎంత మంచివైనా ఈ తేడా కనిపెట్టలేవు.

“రెండేండ్లు సదివి గింజలు లెక్కబెట్టుడు నేర్చుకొచ్చినవారా?” అన్నాడు తండ్రి. “తక్కువ మొలిస్తే జర దట్టంగ ఏస్త. తాతల కాలంనుంచి అట్లనే ఏసినం.”

మీరు చెప్పండి, తండ్రి మాటలో తప్పేమున్నది? లెక్క ప్రకారం చూస్తే 30 కిలోల చోట 36 కిలోలు వేస్తే చాలు, మొక్కల సంఖ్య కుదురుతుంది. కొడుకు ఎదురుచెప్పలేదు. “బాపూ, నేను ఒక్క సంచి గింజలే చూడలె. అన్నిట్ల నుంచీ తలా పిడికెడు తీసి కలిపిన. ఇప్పుడు సంచి సంచికీ యేరే చూస్త, ఇంకో వారం ఆగు” అన్నాడు. వాన ఎలాగూ పడలేదు గనుక తండ్రి ఊరుకున్నాడు.

ఈసారి నాలుగు చుట్టలు. ప్రతిదానికీ ఒక చీటీ. ఎనిమిదో రోజున అందరూ చుట్టూ కూర్చున్నారు. అన్నిటికంటె పైనున్న బస్తా 74. దానికింది బస్తా 71. మూడోది 52. అడుగుబస్తా 43!

ఈ నాలుగు అంకెలూ ఎంత సంగతి చెప్పాయో చూడండి. విత్తనమంతా ఒకే పొలంలోది, ఒకే రోజున నూర్చినది. పైరెండూ మంచివి, కిందిరెండూ చెడ్డవి. అంటే పాడుచేసింది కోతనాటి వాన ఒక్కటే కాదు. నేల చెమ్మా, పై బస్తాల బరువూ కలిసి అడుగు గింజలను చంపాయి. వాళ్ళ అవ్వ వెంటనే, “కింద కట్టెలు పరవమని నేను అప్పుడే మొత్తుకున్న” అన్నది. ఆమె మొత్తుకున్న మాట నిజమేనట. నాలుగు బస్తాలూ కలిపి 58 అని ఊరుకొని దట్టంగా విత్తి ఉంటే, సగం పొలంలో పైరు ఒత్తుగా కిక్కిరిసి, సగం పొలం బోడిగా ఉండేది.

తండ్రి చాలాసేపు ఆలోచించాడు. పై రెండు బస్తాలూ నాలుగు ఎకరాలకు పెట్టాడు. ఒక రెండు ఎకరాలకు నీలిచీటీ కట్టిన ధ్రువీకరణ విత్తనం కొన్నాడు. (దాన్ని కూడా కొడుకు నూరు గింజల పరీక్ష పెట్టనిదే వదలలేదు!) మిగిలిన రెండు ఎకరాల్లో కంది వేద్దామన్నాడు. కింది రెండు బస్తాలూ విత్తనానికి కాక, నూనెమిల్లుకు పోయే ధాన్యంగా అమ్మేశాడు. విత్తనం ధరకూ ధాన్యం ధరకూ ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదని పిల్లవాడు చెప్పాడు. అంకె మంచిదే కాని, డబ్బు పోయిన ఇంట్లో అంకెను చూచి ఎవరూ మురిసిపోరు.

అయితే తండ్రి అడుగుబస్తా నుంచి రెండు కిలోలు దాచాడు. “నా కండ్లతోని నేను చూడాలె” అని, మంచి విత్తనం పక్కనే నాలుగు సాళ్ళు దానితో విత్తాడు. ఆయన బడికి పోలేదు, మడి పుస్తకం వ్రాయలేదు. అయినా పరిశోధనా కేంద్రంలో పండితులు చేసేది కూడా ఇదే. కొత్తదీ పాతదీ ఒకే నేలలో, ఒకే రోజున, పక్కపక్కన పెట్టి చూస్తారు. లేకపోతే పంట బాగుంటే నేల గొప్పా, వాన గొప్పా, విత్తనం గొప్పా తెలియదు గదా.

పదిహేనో రోజున తండ్రీ కొడుకులు మీటరు కర్ర పట్టుకొని పొలానికి పోయారు. గొర్రుతో విత్తినప్పుడు మీటరుకు సుమారు ఇరవై గింజలు పడ్డాయి. మంచి బస్తా సాళ్ళలో మీటరుకు 13, 14 మొక్కలున్నాయి. అడుగుబస్తా సాళ్ళలో 6. గోనెపట్టాలో నూటికి 43 మొలిచిన గింజ పొలంలో నూటికి 30 అయింది. ఎందుకంటే గోనెపట్టాలో గింజకు అన్నీ అమర్చిపెట్టారు. పొలంలో అది రేగడి పెళ్ళను తలతో నెట్టుకొని పైకి రావాలి. నీరసపు మొలకకు ఆ సత్తువ ఉండదు. “దట్టంగ ఏస్త” అన్న మాట తండ్రి తరువాత మళ్ళీ అనలేదు.

ఇంతమాత్రాన కొడుకు అన్నీ తెలిసినవాడనీ, తండ్రి ఏమీ తెలియనివాడనీ అనుకోకండి. పొలంలో ఈశాన్యపు మూల నీళ్ళు నిలిచి జాలు పడుతుందనీ, అక్కడ పైరు ప్రతియేడూ పసుపుపచ్చన అవుతుందనీ చెప్పింది తండ్రే. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. అది వినగానే కొడుక్కి విజ్ఞానయాత్రలో పటాన్‌చెరు దగ్గర చూచిన పొలం గుర్తుకు వచ్చింది. అక్కడ 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధనా సంస్థ వెలిసింది. నల్లరేగళ్ళలో మీటరున్నర వెడల్పున, ఎత్తు మడి, దాని పక్కన కాలువ, మళ్ళీ మడి, మళ్ళీ కాలువ—ఇలా దున్నే పద్ధతిని అక్కడ రూపొందించారు. ఎక్కువ నీరు కాలువగుండా మెల్లగా పోతుంది, మడిమీద వేళ్ళకు గాలి ఆడుతుంది. 1976 నుంచి పక్కపక్కనే రెండు క్షేత్రాలను పెట్టి ఏళ్ళ తరబడి పోల్చి చూచారు. మడులు కట్టి, మంచి విత్తనం, ఎరువు వేసి, యేడాదికి రెండు పంటలు తీసినచోట సగటున హెక్టారుకు సుమారు 5 టన్నుల గింజ వచ్చింది. వానకాలం బీడుపెట్టి తరువాత ఒక్క పంట తీసే పాత పద్ధతిలో సుమారు ఒక టన్ను వచ్చింది. మనవాళ్ళు ఆ మూల అరయెకరంలో మాత్రం, ఎద్దులతోనే, అలాంటి మడులు తీశారు. ఆ యేడు ఆ మూల పచ్చగా ఉన్నది.

బడినుంచి తెచ్చుకున్న మరో ముచ్చట మీకు తప్పక నచ్చుతుంది. సోయా పూతకు వచ్చినప్పుడు ఒక మొక్కను మట్టితోసహా మెల్లగా పెకలించి వేళ్ళు కడగండి. వేళ్ళకు మిరియాలంత బుడిపెలు కనిపిస్తాయి. రోగమని భయపడకండి. అవి సూక్ష్మజీవుల ఇళ్ళు. మన చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే, కాని మొక్క దాన్ని నేరుగా తినలేదు. ఈ జీవులు దాన్ని పట్టి మొక్కకు పనికివచ్చేటట్టు మార్చి ఇస్తాయి. మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఈ జీవులను మొదటిసారి వేరుచేసి చూపాడు. బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీరంగు ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని లేనట్టు. ఆ ఎరుపు మన నెత్తుటిలోని ఎరుపుకు దగ్గరి చుట్టం! సోయా మన దేశపు పాత పంట కాదు గనుక, దానికి తగిన జీవులు కొత్త పొలంలో ఉండకపోవచ్చు. అందుకని వాటిని పొడిగా అమ్ముతారు, బెల్లపు నీళ్ళతో గింజకు పట్టించి విత్తుతారు.

మందు చల్లే డ్రోన్ గురించి వ్రాయలేదేమని మీలో కొందరు ముఖం ముడుచుకుంటారని తెలుసు. విశ్వవిద్యాలయంలో డ్రోన్ నడపడం కూడా నేర్పుతున్నారు. పది లీటర్ల తొట్టితో నిమిషాలమీద ఎకరం తడిపిపోయే వింత అది, మందు వీపున మోసే మనిషికి అంత విషం తప్పుతుంది. అయితే డ్రోన్‌కు చల్లడమే తెలుసు, ఎప్పుడు చల్లాలో తెలియదు. పత్తిలో గులాబీరంగు పురుగు ఉన్నది చూడండి. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు ఇక ఆ బాధ తీరిందనుకున్నారు, పదిహేనేళ్ళు తిరగకుండానే పురుగు దానికి అలవాటుపడిపోయింది. ఇప్పుడు పొలంలో ఎరబుట్టలు కట్టి, రాత్రి ఎన్ని మగపురుగులు పడ్డాయో పొద్దున లెక్కపెడతారు. వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే అప్పుడు మందు. అంతకు తక్కువైతే డబ్బూ మందూ రెండూ ఆదా. మళ్ళీ లెక్కకే వచ్చాం కాదూ!

ఆడపిల్లలు కూడా ఈ బళ్ళలో చదువుతున్నారు. ఇంట్లో విత్తనం దాచేది, బూడిద కలిపేది, పురుగు ఏరేది చాలాచోట్ల తల్లులే గనుక, ఈ చదువు వాళ్ళ చేతికి రావడంలో వింతేమీ లేదు.

మీకు ఈ నెల పని ఇది. ఇంట్లో శనగలో, పెసలో, సోయానో విత్తనానికి దాచినవి ఉంటే పెద్దల అనుమతితో నూరు తీసుకోండి. ఏరి మంచివే తీయకూడదు, కళ్ళు మూసుకొని పిడికిలి ముంచాలి. మందు పట్టించిన రంగు విత్తనాలు మాత్రం ముట్టుకోవద్దు, అవి విషం. తడిబట్టలో పదేసి చొప్పున పేర్చి, చుట్టి, నీడన ఉంచండి. బట్ట తడిగా ఉండాలి గాని నీళ్ళు కారకూడదు. అయిదో రోజున ఒకసారి, ఎనిమిదో రోజున ఒకసారి లెక్కించండి. వేరూ మొలకా రెండూ సరిగా ఉన్నవాటినే మొలిచినట్టు రాయాలి. కార్డు మీద నాలుగే సంగతులు వ్రాసి పంపండి: ఏ విత్తనం, ఎప్పుడు కోసింది, ఎక్కడ నిలువ చేశారు, నూటికి ఎన్ని. సంచి నేలమీద ఉన్నదో చెక్కమీద ఉన్నదో మరిచిపోకుండా వ్రాయండి. మద్నూరులో ఆ ఇంట్లో ఇప్పుడు బస్తాల కింద రెండు వరసల వేపకట్టెలు పరిచి ఉన్నాయి, మూడింటికంటె ఎక్కువ పేర్చడం లేదు.